మావగారితో రాక్ కచేరీకి

ఒరే రాంబాబూ,

మొన్న ఆదివారం సాయంత్రం నువ్వు ఫోన్ చేస్తే "మళ్ళీ చేస్తానురా" అని పెట్టేశాను కదా, అప్పుడు మల్లేశ్వరంలో చౌడయ్య హాలు బయట క్యూలో ఉన్నాను. తర్వాత చేద్దామనే అనుకున్నాను. కానీ నీతో ఫోన్‌లో మాట్లాడటం నా వల్ల కాదు. మాట రసపట్టులో పడేసరికి షాపులోకి ఎవరో వచ్చి "అన్నా, పది లీటర్ల ప్రైమర్" అంటారు, నువ్వు "ఉండరా" అంటావు, ఇక అంతే సంగతులు. అందుకని రాస్తున్నాను. షట్టరు దించాక తీరిగ్గా చదువు.

ప్రోగ్ రాక్ కచేరీకి వెళ్ళానురా, అదే, పాటలు పొడుగ్గా, తాళం లెక్కలు మెలికలు తిరిగే రాక్. ఔను, ఈ వయసులోనే. బ్యాండ్ పేరు మాత్రం ఇప్పుడే చెప్పను. చెప్తే వెంటనే యూట్యూబ్‌లో వెతుకుతావు, ఆ ఫోన్ స్పీకర్లో రెండు నిమిషాలు విని "ఏముందిరా ఇందులో" అంటావు. నీ సంగతి నాకు తెలియదా! ఇక్కడి కుర్రాళ్ళే, ఐదుగురు. గిటారు అబ్బాయిది మైసూరు, డ్రమ్మర్ మలయాళీ, బేస్ వాయించేవాడు షిల్లాంగ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట, కీబోర్డు అతను పక్కా బెంగళూరు. పాడే అమ్మాయి మన గుంటూరు పిల్ల. అందరూ పగలు ఎక్కడో ఒకచోట ఉద్యోగాలు చేసేవాళ్ళే. ఈ ఊళ్ళో రాక్ అంటే అంతే కదా, ఆదివారం రాత్రి ఎంత గోల చేసినా సోమవారం పొద్దున్న మీటింగు తప్పదు.

అసలు విశేషం అది కాదు. నాతో వచ్చింది ఎవరనుకున్నావు? మా మావగారు! మా ఆవిడ రావాల్సింది. ఆ పొద్దున్నే పిల్లకి జ్వరం తగిలింది. టికెట్టు వెనక్కి ఇద్దామంటే ఆ యాప్‌లో అలాంటి పద్ధతే లేదు, కొన్నప్పుడు వాళ్ళ సర్వీసు ఫీజు మాత్రం ముక్కుపిండి వసూలు చేశారు. "పోనీ నాన్నగారిని తీసుకెళ్ళండి, వారం నుంచి ఇంట్లోనే కూర్చుని విసిగిపోయారు" అంది ఆవిడ. ఆయన తణుకు నుంచి వచ్చి, మా మారతహళ్ళి అపార్టుమెంటు బాల్కనీలోంచి ట్రాఫిక్ చూస్తూ కాలక్షేపం చేస్తున్నారు. సంగతి చెప్పగానే ఒకటే ప్రశ్న వేశారు: "కుర్చీలుంటాయా?" ఉంటాయన్నాను. లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేశారు.

నీకు ఆయన సరిగ్గా తెలియదు కదా. మనిషి ఏ వాయిద్యమూ వాయించరు. వ్యవసాయం. కానీ ఆ చుట్టుపక్కల ఏ సప్తాహం జరిగినా, ఏ ఆరాధనోత్సవం జరిగినా ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేసే రకం. మార్చి, ఏప్రిల్ నెలల్లో మా ఇంటికి వస్తే చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామనవమి కచేరీలకు తీసుకెళ్ళాల్సిందే. 1939 నుంచి నడుస్తున్నాయిరా అవి! పందిరి కింద కూర్చుని బజ్జీలు తింటూ వినొచ్చు. అలాంటి మనిషిని రాక్ కచేరీకి తీసుకెళ్తున్నానంటే నాకు ఎంత టెన్షనో ఆలోచించు. మధ్యలో "ఇక వెళ్దాం అల్లుడుగారూ" అంటే ఎలా అని ముందే గుమ్మానికి దగ్గరి సీట్లు చూసుకున్నాను.

కారు బయ్యప్పనహళ్ళిలో పెట్టి మెట్రో ఎక్కాం. మెజెస్టిక్‌లో ఆకుపచ్చ లైనుకి మారి సంపిగె రోడ్డులో దిగాం. దారిలో వీణా స్టోర్స్ దగ్గర ఆగి, రోడ్డు మీదే నిలబడి ఇడ్లీ తిన్నాం. చట్నీ పల్చగా ఉందన్నారు గానీ ఇంకో ప్లేటు తెమ్మన్నారు.

హాలు బయటినుంచి చూస్తే వయొలిన్ ఆకారంలో ఉంటుంది. 1980లో కట్టారు. ఎవరి పేరు మీద కట్టారో మావగారే నాకు చెప్పారు: చౌడయ్యగారు మైకులు లేని కాలంలో వెనక వరసదాకా నాదం వినపడాలని వయొలిన్‌కి నాలుగు తీగలు చాలక ఏడు పెట్టుకున్నారట. "మరి వీళ్ళకి ఇన్ని పెట్టెలెందుకు?" అని స్టేజి పక్కన పేర్చిన స్పీకర్లు చూపించారు. నా దగ్గర జవాబు లేదు.

కూర్చుని రాక్ వినడం వింతగా ఉంటుందనుకున్నాను. 2007లో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ కోసం ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చి ఆ దుమ్ములో, ఆ తోపులాటలో నిలబడ్డాం కదా, నీ చెప్పు ఒకటి పోయింది కూడా. నా మనసులో రాక్ కచేరీ అంటే అదే. అదే మైదానంలో 2002లో పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ పాడితే మనకి డబ్బుల్లేక రాలేకపోయాం, ఆ బాధ నీకింకా ఉందని తెలుసు. కానీ ప్రోగ్‌కి కుర్చీలే కరెక్టురా. తల ఊపుదామంటే ఏ దెబ్బకి ఊపాలో తెలిసేలోపు లెక్క మారిపోతుంది. నిలబడ్డవాళ్ళు కూడా చేతులు కట్టుకుని, వేళ్ళతో మోచేతి మీద లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఆ రోజు హాల్లో సగం మంది అదే పని.

మొదటి గంట గురించి ఎక్కువ రాయను. బాగా వాయించారు, అంతే. గిటారు కుర్రాడు వేళ్ళు చూపించాడు, కీబోర్డతను వేళ్ళు చూపించాడు, తర్వాత ఇద్దరూ కలిసి చూపించారు. ఆవృతానికి (తాళం ఒక చుట్టుకి) ఐదు దెబ్బలు, తర్వాత ఏడు, పదకొండు, మళ్ళీ ఐదు. ప్రతి నాలుగు ఆవృతాలకీ ఒక బ్రేకు, బ్రేకు దగ్గర చప్పట్లు. నాకు ఈ జబ్బు అంటే ఒళ్ళు మంట. లెక్క పైకి వినపడితే కచేరీ కాస్తా లెక్కల ట్యూషన్ అయిపోతుంది. ఇది ప్రోగ్ వాళ్ళ ఒక్కరి జబ్బు అని కూడా అనను. మన కచేరీల్లో తని ఆవర్తనం, అదే మృదంగం ఒంటరిగా వాయించే చోటు దగ్గర కాఫీకి లేచేవాళ్ళు లేచేది ఎందుకు మరి? మావగారు ఆ గంటంతా బుద్ధిగా కూర్చున్నారు. చెవుల్లో దూది పెట్టుకుని. ఎక్కడినుంచి తెచ్చారో, జేబులోనే ఉంది!

విరామంలో కాఫీ తాగుతూ "ఒక్కో పాట ఇంత పొడుగెందుకు?" అని అడిగారు. ఎల్.పి. రికార్డుల సంగతి చెప్పాను. రికార్డుకి ఒక్కో వైపు 20, 22 నిమిషాలు పడుతుంది, 1970ల ఇంగ్లీషు కుర్రాళ్ళు మూడు నిమిషాల పాటల మీద విసుగెత్తి ఒక వైపు మొత్తానికి ఒకే పాట కట్టడం మొదలుపెట్టారు, 1972లో జెత్రో టల్ వాళ్ళయితే రెండు వైపులకీ కలిపి ఒకటే పాట, 40 నిమిషాలు దాటి, రికార్డు తిరగేయడానికి తప్ప ఎక్కడా ఆగదు అని చెప్పాను. ఆ బ్యాండ్ పేరు 18వ శతాబ్దపు రైతుదని, విత్తనాలు వరసలో వేసే యంత్రం చేసినాయన పేరని చెప్పేసరికి మావగారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. "గొర్రు కనిపెట్టాడంటారా? మన మెట్ట రైతులకి గొర్రు ఎప్పట్నుంచో ఉందిగా!" అక్కణ్ణుంచి మా విరామం మొత్తం గొర్రు మీద నడిచింది. పాట పొడుగు సంగతి మరిచిపోయారు.

ఇక రెండో సగం. ఇది నీ కోసమే రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

దీపాలు బాగా తగ్గించారు. కీబోర్డతను ఒక్కడే మొదలెట్టాడు. వేణువులు కొన్ని దూరంగా, కాస్త శ్రుతి వణుకుతున్నట్టు. మెలొట్రాన్, ఆ పాత టేపుల కీబోర్డు! నిజం పెట్టె కాదులే, లాప్‌టాప్‌లోంచి వచ్చే నకలు. కానీ ఆ వణుకు విన్నావంటే నీకు హాస్టల్ గది గుర్తొస్తుంది. మనం 1969 నాటి కింగ్ క్రిమ్సన్ మొదటి రికార్డు క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నాం కదా, అదే నాదం. అసలు మెలొట్రాన్‌లో ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉండేది, నొక్కితే ఎనిమిది సెకన్లు మోగి ఆగిపోయేది, వదిలితే టేపు వెనక్కి లాక్కునేది. అందుకే ఆ కాలంలో దాన్ని వాయించేవాళ్ళు ఎనిమిది సెకన్లలోపే వేళ్ళు మార్చుకోవాలి. ఇతని లాప్‌టాప్‌కి ఆ ఇబ్బంది లేదు, ఎంతసేపైనా మోగుతుంది. అయినా సరే ఆ సమయానికే వదిలి, చిన్న ఖాళీ ఇచ్చి మళ్ళీ అందుకుంటున్నాడు. మొదటి సగంలో వేళ్ళు చూపించింది ఇతనేనా అనిపించింది.

ఆ ఖాళీల్లోకి అమ్మాయి ఎత్తుకుంది. పూర్వికల్యాణి రాగం. నేను ఇంకా ఏ పాటా అని ఆలోచిస్తున్నాను, మావగారు దూది తీసేశారు. "శ్యామశాస్త్రి" అన్నారు. నిజమే, "నిన్ను వినగ మరి".

కృతిని రాక్‌లో పాడటం ఈ ఊరికి కొత్తేం కాదు. 2003లో ఇక్కడే పుట్టిన అగం బ్యాండ్ వాళ్ళు త్యాగరాజు కృతుల్ని గిటార్ల మధ్య పెట్టి ఎప్పట్నుంచో పాడుతున్నారు, వాళ్ళ 2012 నాటి రికార్డులో "బంటురీతి" ఉంది, నీకు ఒకప్పుడు పంపాను. కానీ నేను విన్నవాటిలో చాలామంది ఆదితాళం కృతుల్నే తీసుకుంటారు. ఎనిమిది దెబ్బలు, రాక్ వాడికి చక్కగా సరిపోతుంది. ఈ పిల్లలు ఏరికోరి ఏడులో ఉన్నదాన్ని పట్టుకున్నారు. అదీ మామూలు ఏడు కాదు. మిశ్ర చాపు అంటే మూడు, నాలుగు కదా: తకిట తకధిమి. ఈ కృతిది విలోమ చాపు, ముందు నాలుగు, తర్వాత మూడు: తకధిమి తకిట. శ్యామశాస్త్రిగారి ప్రత్యేకత ఇదని మావగారు ఇంటికొచ్చాక అరగంట క్లాసు పీకారు.

మనవాడు డ్రమ్మర్ ఏం చేశాడో చెప్తాను. స్నేర్ డ్రమ్ము మీద ఒక చేతిరుమాలు మడిచి టేపుతో అంటించాడు. నువ్వు హాస్టల్లో డ్రమ్స్ వాయించేటప్పుడు వార్డెన్ భయానికి పర్సు పెట్టేవాడివి చూడు, అలాగే. కర్రలు పక్కన పెట్టి బ్రష్షులు తీశాడు. పల్లవి అంతా రుమాలు మీద గీతలు గీస్తున్నట్టు వాయించాడు, దెబ్బ అన్నదే లేదు. నాలుగు, మూడు, నాలుగు, మూడు. కళ్ళు మూసుకుంటే ఏడని తెలియదు. ఊపిరి మాత్రం ఆ లెక్కలో పడిపోతుంది. అనుపల్లవి అయ్యాక గిటారు కుర్రాడు సన్నగా మూడు, నాలుగు అందుకున్నాడు, అంటే తిరగేసి. ఇప్పుడు పాట ఒకవైపు నుంచి, గిటారు ఇంకోవైపు నుంచి. మొత్తం ఏడే కాబట్టి ప్రతి ఆవృతానికీ మొదటి దెబ్బ దగ్గర కలుస్తారు, మధ్యలో మాత్రం రెండూ ఒరుసుకుంటాయి. ఆ ఒరుసుకునే చోట కడుపులో ఏదో తిరుగుతుందిరా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి బ్రేకు లేదు కూడా. పక్కన చూస్తే మావగారి కుడిచెయ్యి తొడ మీద ఆడుతోంది, ముఖంలో మాత్రం ఒప్పుకోలు లేదు. "పిల్ల బాగా పాడుతోంది. చరణంలో కొంచెం తొందర" అన్నారు.

పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ "మనీ" వాయించబోయి మనం ఎన్ని తిప్పలు పడ్డామో గుర్తుందా? 1973 నాటి పాట, అదీ ఏడే. అందులో వాళ్ళంతటి వాళ్ళు కూడా గిటారు సోలో వచ్చేసరికి నాలుగులోకి దిగిపోతారు. నువ్వేమో "మనం ఏడులోనే ఉండాలి" అని పట్టుబట్టావు, పాట మూడో నిమిషంలో కుప్పకూలింది. ఆ రోజు వీళ్ళని విని ఉంటే నువ్వు చెప్పింది తప్పేమీ కాదని నాతో ఒప్పించేవాడివి.

చివరి పాట వాళ్ళ సొంతది. ఇరవై నిమిషాల పైమాటే. అంతా రాయలేను, ఒక్క చోటు చెప్తాను. మధ్యలో అందరూ ఆగిపోయి బేస్ ఒక్కటే మిగిలింది. షిల్లాంగ్ కుర్రాడు ఒకే స్వరాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు, సవరించను కూడా సవరించడు. అలా నిలబడటం ఎంత కష్టమో బేస్ పట్టుకున్న నాకు తెలుసు, చెయ్యి ఊరుకోదు. దాని మీద గిటారు ఏడు దెబ్బల ముక్క ఒకటి ఎత్తుకుంది. డ్రమ్మర్ చేతులూ కుడికాలూ గిటారుతోపాటు ఏడులోకి వెళ్ళాయి. ఎడమకాలు మాత్రం హై-హ్యాట్ (కాలితో మోగించే జంట తాళాలు) మీద నాలుగే వేస్తోంది! చిక్, చిక్, చిక్, చిక్. మా సీట్లు పక్కకి ఉండబట్టి కనపడింది గానీ ఎదురుగా ఉన్నవాళ్ళకి ఆ కాలు కనిపించే వీల్లేదు. చెప్పులు వదిలేసి, వట్టి కాలితో, బొటనవేలు పైకెత్తి వేస్తున్నాడు. మొహంలో ఏ కష్టమూ లేదు, పైగా అమ్మాయి వైపు చూసి నవ్వుతున్నాడు. అదిరా వాయించడం అంటే. హాల్లో ఎవరికీ లెక్క వినపడదు, అందరి పాదాలూ ఆడుతున్నాయి. మా ముందు వరసలో చంటిపిల్లాడు ఒకడు వాళ్ళమ్మ ఒళ్ళో ఊగుతున్నాడు, వాడికి ఏడేమిటి నాలుగేమిటి!

మెట్రోలో మావగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మెజెస్టిక్ దగ్గర లైను మారుతుంటే ఉన్నట్టుండి మాండలిన్ శ్రీనివాస్ సంగతి ఎత్తారు. శ్రీనివాస్ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే పాలకొల్లు వైపు ఆయన కచేరీ విన్నారట. "కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం ఏమిటని మా పెద్దవాళ్ళు గొణిగారు అల్లుడుగారూ. ఆ పిల్లాడు కాంభోజి ఎత్తుకోగానే నోళ్ళు మూశారు" అన్నారు. నేను జాన్ మెక్‌లాఫ్లిన్ గురించి చెప్పాను. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి ఈ ఏడులూ తొమ్మిదులూ రాక్‌లో పరుగులు పెట్టించిన గిటారు ఆయన, తర్వాత శక్తి అనే బృందంలో విక్కు వినాయకరాంగారి ఘటం పక్కన కూర్చున్న ఆయన, ఆఖరికి మన పాలకొల్లు శ్రీనివాస్‌ని పక్కన పెట్టుకుని దేశాలన్నీ తిరిగాడని చెప్తే మావగారికి ఎంత గర్వమో! 2014లో శ్రీనివాస్ పోయినప్పుడు వయసు 45 ఏళ్ళేనని ఆయనే గుర్తుచేశారు. ఆ తర్వాత ఇందిరానగర్ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇంతకీ అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. అందుకే నీకు ఇంత పెద్ద ఉత్తరం.

ఆ చివరి పాటలో గిటారు ఏడులో, ఎడమకాలు నాలుగులో ఉన్న చోటు చెప్పాను కదా. కొంతసేపు అలా నడిచి అందరూ ఒక్కసారిగా ఒకే దెబ్బ మీద దిగుతారు. మావగారు అంటారూ, అందులో వింతేం లేదు, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, గిటారు ముక్క నాలుగుసార్లు తిరిగేసరికి కాలు ఏడుసార్లు తిరుగుతుంది, ఆ ఇరవై ఎనిమిది అయ్యాక కలవక ఏం చేస్తాయి అని. కాగితం మీద నిజమే. కానీ నేను విన్నది వేరు. ఆఖరి చుట్టులో డ్రమ్మర్ ఒక దెబ్బ మింగేశాడు, అందరూ అనుకున్నదానికంటే ఒక అడుగు ముందే దిగారు. అందుకే ఆ దిగడంలో అంత జోరు వచ్చింది. మావగారు ఒప్పుకోరు. "మీకు తాళం రాదు అల్లుడుగారూ" అనేశారు, అదీ మా ఆవిడ ముందు! ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చోటు ఫోన్‌లో రికార్డు చేశాను, నిమిషం పైన ఉంటుంది. ఈ ఉత్తరం అందే లోపే వాట్సాప్‌లో పంపేస్తాను. దయచేసి షాపులో వినకు. ఇంటికెళ్ళి, మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. గిటారు వదిలేయ్, ఎడమవైపు సన్నగా చిక్ చిక్ అని వస్తుంది, దాన్ని పట్టుకుని లెక్కపెట్టు. ముందు నలభై సెకన్లు వెనక ఎవరో దగ్గుతుంటారు, అది మావగారే.

తీర్పు నీదే అని ఇద్దరం ఒప్పుకున్నాం. "మీ స్నేహితుడు డ్రమ్స్ వాయించేవాడన్నారుగా, అతన్నే చెప్పమనండి, కానీ మీ పక్షం మాట్లాడకూడదు" అని షరతు పెట్టారు. పందెం రెండు కేజీల కోటయ్య కాజాలు. ఎవరు ఓడినా కొనాల్సింది కాకినాడలోనే కాబట్టి కొని తెచ్చేది నువ్వే, డబ్బులు ఓడినవాళ్ళు ఇస్తారు. వచ్చే నెల ఈ బ్యాండ్ మళ్ళీ వాయిస్తోందట. శేషాద్రి రైలెక్కి వచ్చేయ్, పేరు అప్పుడు చెప్తాను. మావగారు అప్పటిదాకా తణుకు వెళ్ళనంటున్నారు. నీకు కూడా టికెట్టు తీయమని ఆయనే అన్నారు, గుమ్మం దగ్గర కాదట, డ్రమ్మర్ కాలు కనపడే వైపు.

సుబ్బలక్ష్మి చెల్లెమ్మకి, పిల్లలకి మా ఆవిడ అడిగానని చెప్పమంది. పిల్లకి జ్వరం తగ్గింది, నిన్నటి నుంచి బడికి వెళ్తోంది. కాజాలు మాత్రం తాజావి చూసి తీసుకో.

నీ
సత్తిబాబు